ఎయిర్ హోస్టెస్ డ్యూటీ రోస్టర్లు: యూనియన్ ఉంటే నిజంగా ఏమన్నా మారుతుందా?

వేదాయపాళెం అక్క:
మా చెల్లి చెన్నై బేస్‌లో క్యాబిన్ క్రూ. కంపెనీ పేరు రాయను, రాస్తే దాని ఉద్యోగానికే ఎసరు. సమస్య జీతం కాదు, రోస్టర్, అంటే ఏ రోజు ఏ డ్యూటీ, ఏ రోజు ఆఫ్ అని చెప్పే చార్ట్. నెల మొదట్లో యాప్‌లో చార్ట్ వస్తుంది. దాన్ని చూసే మేము అమ్మ కంటి ఆపరేషన్ దగ్గర్నుంచి అన్నిటికీ తేదీలు పెట్టుకుంటాం. పోయిన నెల రెండు రోజులు ఆఫ్ వచ్చిందని పినాకినిలో నెల్లూరు వచ్చింది. భోంచేసి నడుం వాల్చిందో లేదో ఫోన్. మర్నాటి ఆఫ్ తీసేసి స్టాండ్‌బై వేశారు. స్టాండ్‌బై అంటే పిలిచిన గంటన్నరలో ఎయిర్‌పోర్టులో ఉండాలట. ఇక్కణ్ణించి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. రాత్రికి రాత్రే బస్సు ఎక్కించాం. తీరా చూస్తే ఆ రోజంతా పిలవనే లేదు!

ఇప్పుడు తోటి అమ్మాయిలు కొందరు యూనియన్‌లో చేరదామంటున్నారు. నాన్నకేమో, చేరితే పీకేస్తారని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి, రోస్టర్ విషయంలో యూనియన్ చేయగలిగేది ఏంది?

కావలి కుర్రోడు:
అక్కా, కోపం తెచ్చుకోవద్దు. నాకు తెలిసిన యూనియన్ అంటే చందా, జెండా, మే డేకి ఫ్లెక్సీ. ఈ రోజుల్లో ఎవరికి ఏ ఫ్లైట్ వెయ్యాలో సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. సాఫ్ట్‌వేర్ ముందు ధర్నా చేస్తారా? నచ్చకపోతే వేరే ఎయిర్‌లైన్ చూసుకోవడమే.

మార్కాపురం పిల్ల:
వేరే ఎయిర్‌లైన్‌లో మాత్రం రోస్టర్ పూలపాన్పా అన్నా? నేను ట్రైనింగ్ అయ్యి ఈ మధ్యే ఫ్లైట్లలో డ్యూటీకొచ్చా. అందరిదీ ఇదే గోల.

బిట్రగుంట గార్డు (రిటైర్డ్):
అబ్బయ్యా కావలీ, మా కాలంలో సాఫ్ట్‌వేర్ లేదు, కాల్ బాయ్ ఉండేవాడు. సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టి కాల్ బుక్ చేతికిచ్చేవాడు. ఏ బండి, సైన్ ఆన్ ఎన్నింటికి, కాల్ అందింది ఎన్నింటికి, అన్నీ రాసి సంతకం పెట్టాలి. మాకు రెండు గంటల ముందు కాల్ ఇవ్వాలి. బండ్లు ఎక్కువైన రోజుల్లో గంట ముందు వచ్చి, "రెండు గంటల ముందు అందినట్టు రాయండి సార్" అని బతిమాలేవాడు. పాపం వాడి తప్పు కాదు, పైనుంచి ఒత్తిడి. కొందరు రాసిచ్చేవాళ్లు. నేను మాత్రం అసలు టైమ్ వేసి, దాని పక్కనే సంతకం పెట్టేవాణ్ణి. గొడవ వచ్చినప్పుడు మా బ్రాంచి సెక్రటరీ ఉపన్యాసం ఇవ్వలేదు, ఆ పేజీ తీసి ఆఫీసరు టేబుల్ మీద పెట్టాడు. అంతే, పని జరిగింది.

లోకో రన్నింగ్ స్టాఫ్‌కి పది గంటల డ్యూటీ అన్న మాట 1973 సమ్మెతో వచ్చింది. అప్పటిదాకా ఇంజన్ మీద ఎక్కినవాడు ఎప్పుడు దిగుతాడో ఇంట్లో భార్యకు తెలిసేది కాదు. కాబట్టి యూనియన్ అంటే ఫ్లెక్సీ అని తేల్చెయ్యొద్దు.

కావలి కుర్రోడు:
సరే గార్డు గారూ, అది రైల్వే, గవర్నమెంటు. ఇది ప్రైవేటు.

ఒంగోలు టు షికాగో:
ఈ చర్చ చూసి లాగిన్ కాకుండా ఉండలేకపోయా. మాది ఒంగోలు, పెళ్లయ్యాక ఇటు వచ్చి ఇక్కడే ఫ్లైట్ అటెండెంట్‌గా చేరా. నాదీ ప్రైవేటు ఎయిర్‌లైనే, యూనియన్ ఉంది. కొన్నాళ్లు యూనియన్ షెడ్యూలింగ్ కమిటీలో వాలంటీర్‌గా ఫోన్లు కూడా ఎత్తా. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ఇక్కడ పెద్ద యూనియన్లు రెండు మూడు ఉన్నాయి. అసోసియేషన్ ఆఫ్ ఫ్లైట్ అటెండెంట్స్ పుట్టుక 1945లో, యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో ఆడా బ్రౌన్ అనే స్టూవార్డెస్ మొదలుపెట్టిన సంఘంతో. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్లకు వేరే యూనియన్, సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ వాళ్లకు ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యూనియన్‌లో ఒక లోకల్ (శాఖ). డెల్టాలో ఫ్లైట్ అటెండెంట్లకు యూనియన్ లేదు, పెట్టాలని ఏళ్ల తరబడి ప్రయత్నం నడుస్తోంది. గార్డు గారికి ఒక ముచ్చట: మా విమానాలకు వర్తించేది రైల్వే చట్టమే! 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్‌లోకి 1936లో ఎయిర్‌లైన్స్‌ను చేర్చారు.

అసలు విషయం. నెలకోసారి మేము బిడ్ పెడతాం. నాకు వారాంతాలు ఆఫ్ కావాలి, తెల్లవారుజాము సైన్ ఇన్ వద్దు, లాంగ్ లేఓవర్ (వెళ్లిన ఊళ్లో ఎక్కువసేపు బస) కావాలి అని రాసుకుంటాం. సీనియారిటీ వరసలో సిస్టమ్ పంచుతుంది. ఒక నెలకు వచ్చిన మొత్తం ట్రిప్పుల్ని లైన్ అంటాం. లైన్ రానివాళ్లు రిజర్వ్, అంటే అక్క చెప్పిన స్టాండ్‌బై లాంటిది. ఇప్పుడు కావలి తమ్ముడి ప్రశ్న: పంచేది సాఫ్ట్‌వేరే, మరి దానికి పెట్టే షరతులు ఎవరివి? రోజుకు డ్యూటీ ఎన్ని గంటలు మించకూడదు, రెండు ట్రిప్పుల మధ్య ఎంత గ్యాప్, నెలకు కనీసం ఎన్ని ఆఫ్‌లు, రిజర్వ్‌ను ఎంత టైమ్‌లో రమ్మనవచ్చు, ఇవన్నీ కాంట్రాక్టులో ఉంటాయి. కాంట్రాక్టు మీద కంపెనీ, యూనియన్ ఇద్దరూ సంతకం పెడతారు. బిడ్ ఫలితాలు వచ్చాక యూనియన్ కమిటీ కూర్చుని సరిచూస్తుంది. సాఫ్ట్‌వేర్ ముందు ధర్నా అక్కర్లేదు తమ్ముడూ, అందులో ఏం ఫీడ్ చెయ్యాలో ముందే రాయించుకుంటే చాలు.

మా కాంట్రాక్టులో నాకు బాగా నచ్చిన వాక్యం: లైన్ ఉన్నవాళ్లు ఆఫ్ రోజున ఫోన్ ఎత్తాల్సిన బాధ్యత లేదు. ఇంత చిన్న వాక్యం. మీ చెల్లికి ఇది ఉండి ఉంటే ఆ రాత్రి బస్సు ఎక్కేది కాదు.

మార్కాపురం పిల్ల:
ఆఫ్ రోజు ఫోన్ ఎత్తక్కర్లేదా!! మాకైతే యాప్‌లో ఎక్నాలెడ్జ్ నొక్కకపోతే మర్నాడు మెయిల్ వస్తుంది.

అక్కా, ఒక డౌట్. సీనియారిటీ అంటున్నారు. మరి నాలాంటి కొత్తవాళ్ల గతి? దసరా, సంక్రాంతి అన్నీ సీనియర్లకేనా?

ఒంగోలు టు షికాగో:
నిజం చెప్పాలంటే అవును, పండగలు సీనియర్లకే పోతాయి. ఇక్కడ క్రిస్మస్ నాడు విమానంలో కనిపించే మొహాల్లో ఎక్కువమంది కొత్తవాళ్లే. దీనిమీద యూనియన్ లోపలే పెద్ద గొడవలు. ఏళ్ల తరబడి రిజర్వ్‌లో ఉండేవాళ్లు మా సంగతేంటంటారు, ఇరవై ఏళ్ల సర్వీస్ ఉన్నవాళ్లు మేమూ అట్లాగే వచ్చాం అంటారు. కొన్నిచోట్ల రిజర్వ్ అందరికీ వంతులవారీగా తిరిగేలా రాయించుకున్నారు, కొన్నిచోట్ల లేదు. కానీ ఒకటి: సీనియారిటీ అన్యాయమే కావచ్చు, అది అందరికీ కనిపించే జాబితా. షెడ్యూలర్‌తో ఎవరికి పరిచయం ఉందో దాన్నిబట్టి ఆఫ్‌లు పోయే పద్ధతికన్నా నాకదే మేలు.

వేదాయపాళెం అక్క:
మా చెల్లి ఈ మాట వినగానే నవ్వింది. వాళ్ల దగ్గర "రోస్టరింగ్‌లో ఎవరన్నా తెలుసా" అన్నదే మొదటి ప్రశ్నంట.

రూల్ తప్పి డ్యూటీ వేస్తే మీరు అక్కడికక్కడే పోనని చెప్పొచ్చా?

ఒంగోలు టు షికాగో:
కుదరదు. చాలామంది పొరపడేది ఇక్కడే. కాంట్రాక్టుకు విరుద్ధమైనా సరే, ముందు డ్యూటీకి పోవాలి, తర్వాత ఫిర్యాదు పెట్టాలి. పోకపోతే ఆజ్ఞ ధిక్కరించారని మన మీదే చర్య. మినహాయింపు భద్రత విషయంలోనే: బాగా అలసిపోయి ఉన్నా, ఒంట్లో బాగోలేకపోయినా, చట్టం చెప్పిన విశ్రాంతి పూర్తి కాకపోయినా ఆ మాట స్పష్టంగా చెప్పి ఆగొచ్చు.

ఉదాహరణకు నా సంగతే. చివరి ఫ్లైట్ దిగి బ్యాగ్ లాక్కుంటూ జెట్ బ్రిడ్జి మీద ఉన్నా. షెడ్యూలర్ ఫోన్: "డెన్వర్‌కి మనిషి తక్కువ, రాత్రి అక్కడే ఉండాలి." నన్ను అప్పటికే రిలీజ్ చేశారా (డ్యూటీ అయిపోయిందని వదిలేశారా) లేదా అన్నదే కిటుకు. నా లెక్కలో చేశారు, ఆయన లెక్కలో లేదు. "కాంట్రాక్టుకు విరుద్ధం అనుకుంటున్నాను, అయినా వెళ్తున్నాను" అని ఫోన్‌లోనే చెప్పి, ఆయన పేరు, టైమ్ బోర్డింగ్ పాస్ వెనక రాసుకుని వెళ్లా. షెడ్యూలింగ్ కాల్స్ రికార్డ్ అవుతాయి. మర్నాడు కమిటీకి టైమ్ చెప్తే వాళ్లు ఆ రికార్డింగ్ తెప్పించారు. ఫోన్ల మీదే తేలిపోయింది, అదనపు డబ్బు వచ్చింది. ఎక్కువ కేసులు ఇట్లాగే ముగుస్తాయి. తేలనివి గ్రీవెన్స్ (లాంఛనంగా పెట్టే ఫిర్యాదు) అవుతాయి. దానికి గడువుంటుంది, దాటితే యూనియన్ కూడా ఏమీ చేయలేదు. ఆపైన సిస్టమ్ బోర్డు. అందులో కంపెనీవాళ్లు, యూనియన్‌వాళ్లు ఉంటారు, అక్కడా తెగకపోతే బయటి మధ్యవర్తి తీర్పు.

ఒకటి దాచకుండా చెప్తా. అందులో వచ్చేది డబ్బే. ఆ రాత్రి మా బాబు స్కూల్ ఫంక్షన్ పోయింది, అది ఏ యూనియనూ తిరిగివ్వలేదు.

కందుకూరు మాస్టారు:
మమ్మల్ని ఏప్రిల్ ఎండలో వాల్యుయేషన్ క్యాంపుకి వేసినప్పుడు ఇట్లాంటి కాల్ రికార్డింగ్ ఉండుంటే ఎంత బాగుండేదో! (విషయం మళ్లిస్తున్నా, క్షమించండి.)

కావలి కుర్రోడు:
ఒప్పుకున్నా, రాతపూర్వకంగా ఉంటే బలమే. కానీ అమెరికా సాఫ్ట్‌వేర్, అమెరికా చట్టం. అక్కడా 2022 క్రిస్మస్‌కి సౌత్‌వెస్ట్ మొత్తం కుప్పకూలింది కదా, యూనియన్ ఉండి ఏం చేసింది?

ఒంగోలు టు షికాగో:
మంచి ఉదాహరణే ఎత్తుకున్నావ్. దాదాపు 16,700 ఫ్లైట్లు రద్దయ్యాయి. మొదట మంచు తుఫానే, కానీ మిగతా ఎయిర్‌లైన్స్ తేరుకున్నాక కూడా వాళ్లు లేవలేకపోవడానికి కారణం క్రూ షెడ్యూలింగ్ వ్యవస్థ. ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో సిస్టమ్‌కే తెలియకుండా పోయింది. క్రూ గంటలకొద్దీ హోల్డ్‌లో ఉండి "నేను ఫలానా ఊళ్లో ఉన్నా, నాకు హోటల్ కావాలి" అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సిస్టమ్ పాతబడిందని యూనియన్లు అంతకుముందు నుంచే మొత్తుకుంటున్నాయి. వింటే కదా. ఏడాది తర్వాత ప్రభుత్వం వేసిన జరిమానా 140 మిలియన్ డాలర్లు. యూనియన్ ఉన్నంత మాత్రాన కంపెనీ తప్పులు ఆగవు, అది నిజమే.

చీమకుర్తి దుబాయ్:
మా ఆవిడ ఇక్కడ క్యాబిన్ క్రూ. యూఏఈలో యూనియన్లు పెట్టుకోవడానికి, సమ్మెలకు చట్టం ఒప్పుకోదు. జీతం, ఇల్లు బాగానే ఇస్తారు, రోస్టర్ మీద మాత్రం మాట్లాడేందుకు ఎవరూ ఉండరు. స్వాప్ (తోటివాళ్లతో డ్యూటీ మార్చుకోవడం) దొరికితే అదృష్టం. ఇక్కడికొస్తామనే పిల్లలు ఈ సంగతి తెలుసుకుని రండి.

బిట్రగుంట గార్డు (రిటైర్డ్):
షికాగో అమ్మాయీ, విశ్రాంతి ఎన్ని గంటలు మీకు?

ఒంగోలు టు షికాగో:
ఇప్పుడు పది గంటలు బాబాయ్, తగ్గించడానికి వీల్లేదు. ఇది కాంట్రాక్టులోది కాదు, ప్రభుత్వ నిబంధన. ఇంతకుముందు తొమ్మిది, అవసరమైతే ఎనిమిదికి కోసేవాళ్లు. ఆ ఎనిమిదిలో హోటల్ వ్యాన్ కోసం రోడ్డు పక్కన నిలబడడం, చెకిన్, ఏదో ఒకటి తినడం, స్నానం, మళ్లీ పొద్దున్నే మేకప్, జడ, వ్యాన్. నిద్రకు మిగిలేది అయిదు గంటలైతే గొప్ప. పైలట్లకు పది ఇచ్చి మాకెందుకివ్వరని యూనియన్ ఏళ్ల తరబడి ఇక్కడి కాంగ్రెస్ (పార్లమెంటు లాంటిది) సభ్యుల గడపలు తొక్కింది. 2018లో చట్టంలో పెట్టారు. రూల్‌గా వచ్చింది 2022 అక్టోబర్‌లో. చట్టం అయ్యాక కూడా నాలుగేళ్లు!

దర్గామిట్ట లాయర్:
ఆలస్యంగా వచ్చాను, కోర్టు సెలవులు. మన దేశం సంగతి చెప్తాను.

మొదటిది, మీ నాన్నగారి భయం. యూనియన్‌లో చేరినందుకు శిక్షించడం చట్టప్రకారం అక్రమ కార్మిక విధానం. పాత చట్టంలోనూ ఉంది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. అయితే యూనియన్‌లో చేరినందుకే తీసేశామని ఏ కంపెనీ కాగితం మీద రాయదు. పర్ఫార్మెన్స్ అంటారు, గ్రూమింగ్ అంటారు. అమ్మాయి ప్రొబేషన్‌లో ఉంటే తొందరపడొద్దు, కన్ఫర్మ్ అయితే ధైర్యంగా చేరవచ్చు. ఇది నా వ్యక్తిగత సలహా.

రెండోది, వెళ్లాల్సిన చోటు. విమాన సర్వీసులు కేంద్రం పరిధి. నెల్లూరు లేబర్ ఆఫీసులో అర్జీ పెడితే తిరగడమే మిగుల్తుంది. చెన్నై బేస్ కాబట్టి అక్కడి కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయం.

మూడోది ముఖ్యం. ఒక రోజు ఆఫ్ మార్చారని వివాదం లేవదీస్తే నిలబడదు, డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) పరిమితుల లోపల రోస్టర్ వెయ్యడం యాజమాన్యం హక్కంటారు. అదే పని గంటలు, విశ్రాంతి విరామాల వంటి సర్వీసు షరతునే కంపెనీ మార్చితే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇచ్చిందా అని యూనియన్ అడగగలదు. అక్కడ పట్టు దొరుకుతుంది. అందుకే అడుగుతున్నా, ఈ గంటన్నర నియమం మీ చెల్లి చేరిన రోజు నుంచీ ఉందా?

వేదాయపాళెం అక్క:
అడిగి చెప్తా సార్.

మార్కాపురం పిల్ల:
లాయర్ గారూ, అందరం కలిసి సిక్ లీవ్ పెడితే? 2024లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో పెట్టారు కదా, కంపెనీ దిగొచ్చింది.

దర్గామిట్ట లాయర్:
అమ్మా, ఆ కథ పూర్తిగా చూడండి. 2024 మే నెలలో వందలమంది క్యాబిన్ క్రూ ఒకేసారి ఒంట్లో బాగోలేదన్నారు, విమానాలు రద్దయ్యాయి. కంపెనీ 25 మందిని తీసేసింది. తర్వాత ఢిల్లీలో లేబర్ కమిషనర్ దగ్గర రాజీ కుదిరి, వీళ్లు డ్యూటీలో చేరారు, వాళ్లు ఆ తొలగింపులు వెనక్కు తీసుకున్నారు. అక్కడ ఆ 25 ఉద్యోగాలు నిలబడింది ఆ టేబుల్ దగ్గర కూర్చోవడానికి రిజిస్టరైన యూనియన్ ఒకటి ఉన్నందువల్ల. సిక్ లీవ్ వల్ల కాదు.

ఇప్పుడైతే అది ఇంకా ప్రమాదం. కొత్త కోడ్‌లో సగం మంది, అంతకుమించి ఒకేసారి క్యాజువల్ లీవ్ పెడితే సమ్మె కిందే లెక్క. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. నోటీసు లేని సమ్మె అక్రమ సమ్మె. వాట్సాప్ గ్రూపులో ఎవరో "రేపు అందరం సిక్" అని పెడితే దానికి బొటనవేలు గుర్తు కూడా నొక్కకండి.

కావలి కుర్రోడు:
అదే నేననేది. చట్టమే చేతులు కట్టేస్తే యూనియన్ దేనికి?

బిట్రగుంట గార్డు (రిటైర్డ్):
మేము రోజూ సమ్మె చేశామా అబ్బయ్యా? సర్వీసులో నూటికి తొంభై గొడవలు కాల్ బుక్ పట్టుకుని తీర్చుకున్నవే.

దర్గామిట్ట లాయర్:
తమ్ముడూ, సమ్మె హక్కు బిగిస్తే బేరమాడే హక్కు విలువ పెరుగుతుంది. కంపెనీలో యూనియన్లు ఒకటికన్నా ఎక్కువుంటే, 51 శాతం సభ్యత్వం ఉన్నదాన్ని యాజమాన్యం బేరానికి పిలవాల్సిందే. రిజిస్ట్రేషన్ వరకైతే నూరుమంది సభ్యులున్నా సరిపోతుంది. ఎయిర్‌లైన్‌లో కష్టం ఏంటంటే క్రూ ఒకచోట ఉండరు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కరపత్రం పంచినట్టు పంచలేం.

1981లో సుప్రీం కోర్టు నర్గేష్ మీర్జా కేసులో ఎయిర్ హోస్టెస్ గర్భం దాలిస్తే ఉద్యోగం పోవాలన్న నియమాన్ని కొట్టేసింది. అంతకుముందు అది మామూలు సర్వీసు రూలే. ఎవరూ అడగనంతకాలం అట్లాగే నడిచింది.

చీమకుర్తి దుబాయ్:
2025 డిసెంబర్‌లో ఇండిగో ఫ్లైట్లు వేలల్లో రద్దయినప్పుడు నేను ఇంటికి రాలేక చచ్చా. అది కూడా డ్యూటీ గంటల గొడవే కదా? యూనియన్లే చేశాయని ఇక్కడ ఒకాయన వాదించాడు.

దర్గామిట్ట లాయర్:
డ్యూటీ గంటల సంగతే, కానీ అది సమ్మె కాదు. పైలట్లకు వారం విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి ల్యాండింగ్‌లు తగ్గించిన కొత్త నిబంధనల రెండో విడత నవంబర్ 1 నుంచి వచ్చింది. ముందే తెలిసినా ఇండిగో సరిపడా పైలట్లతో రోస్టర్ సిద్ధం చేసుకోలేదు. చివరికి కొన్ని నిబంధనల్ని తాత్కాలికంగా సడలించాల్సి వచ్చింది. గమనించండి, అవి పైలట్లవి. క్యాబిన్ క్రూ నిబంధనలు వేరు, వాళ్ల తరఫున అంత గట్టిగా అడిగేవాళ్లు మన దగ్గర తక్కువ.

వేదాయపాళెం అక్క:
లాయర్ గారూ, చెల్లి చెప్పింది. చేరినప్పుడు ఇచ్చిన కాగితాల్లో స్టాండ్‌బై అంటే మూడు గంటలు. గంటన్నర అని ఈ ఏడాదే యాప్‌లో ఒక మెసేజ్ వచ్చిందట. నోటీసు అంటూ ఏమీ లేదు. మెసేజ్ స్క్రీన్‌షాట్ ఒకమ్మాయి దగ్గర ఉందట. ప్రొబేషన్ ఎప్పుడో అయిపోయింది.

దర్గామిట్ట లాయర్:
అదమ్మా పట్టు! ఆ రెండు కాగితాలూ జాగ్రత్త. చెల్లి ఒక్కతే వెళ్లి హెచ్‌ఆర్‌ని అడగొద్దు. యూనియన్ లెటర్‌హెడ్ మీద, అందరి తరఫున వెళ్లాలి. కచ్చితంగా గెలుస్తారని చెప్పను, స్టాండ్‌బై గడువు విశ్రాంతి సమయం కిందికి రాదని వాళ్లు వాదిస్తారు. కానీ జవాబివ్వాల్సిన ప్రశ్న అది.

ఒంగోలు టు షికాగో:
అక్కా, ఇంకో మాట. యాప్‌లో రోస్టర్ మారాక పాతది కనిపించదు కదా? మొదట వచ్చిన చార్ట్ వచ్చిన రోజే స్క్రీన్‌షాట్ తీసి సొంత మెయిల్‌కి పంపుకోమను, కంపెనీ మెయిల్‌కి వద్దు. ఫోన్ వస్తే ఎవరు, ఎన్నింటికి, ఏమన్నారు అని అప్పటికప్పుడే రాసుకోవాలి. వారం తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే నేనే నమ్మేదాన్ని కాదు, కంపెనీ ఎట్లా నమ్ముతుంది? కమిటీలో ఉన్నప్పుడు ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లు చాలామంది, టైమ్ చెప్పగలిగినవాళ్లు కొద్దిమందే.

కావలి కుర్రోడు:
చందా ఎంతంట అక్కా?

వేదాయపాళెం అక్క:
నెలకు ఒక బిర్యానీ ఖర్చులోపే అంటోంది. ఆ రాత్రి బస్సు టికెట్ దానికన్నా ఎక్కువైంది.

చేరడానికి చెల్లి సిద్ధమే, నాన్నే ఒప్పుకోవాలి. గార్డు గారూ, మీరొకసారి ఆయనతో మాట్లాడతారా? మేము చెప్తే వినరు.

బిట్రగుంట గార్డు (రిటైర్డ్):
తప్పకుండా అమ్మణ్ణీ. నంబర్ ఇక్కడ పెట్టొద్దు, విడిగా మెసేజ్ చెయ్యి. ఆదివారం పది తర్వాత ఖాళీగానే ఉంటా. మీ నాన్న ఏ డిపార్ట్‌మెంట్‌లో చేశారో ముందే చెప్పు. ఆర్టీసీ అయితే నేను చెప్పేదాంట్లో సగం ఆయనకే తెలుసు.